బోరు నీళ్లకు తగిన బట్టల సబ్బు ఇంట్లోనే: కుంకుడు ద్రావణం, సోడా, సబ్బు తురుము

హన్మకొండలోని మా ఇంటికి రెండు రకాల నీళ్లు వస్తాయి. పొద్దున కాసేపు నల్లా నీళ్లు, మిగతా రోజంతా బోరు నీళ్లు. ఇంట్లోనే బట్టల పొడి చేసుకోవడం మొదలుపెట్టిన కొత్తలో నేను ఈ తేడాను పట్టించుకోలేదు. ఎవరో చెప్పిన కొలతల ప్రకారం సబ్బు తురిమి, సోడా కలిపి, డబ్బా నిండా నింపుకొని, సువాసన లేని మంచి పొడి దొరికిందని సంబరపడ్డాను. నెల తిరిగేసరికి మామయ్య తెల్ల పంచెలు బూడిద రంగుకు వచ్చాయి, తువ్వాళ్లు అట్టల్లా బిరుసెక్కాయి. అత్తమ్మ ఒక పంచె అంచును రెండు వేళ్ల మధ్య రుద్ది చూసి, "గా బోరు నీళ్లల్ల సబ్బేస్తే ఇరిగిపోతది బిడ్డా, మడ్డంతా బట్టకే పట్టింది" అన్నది. ఆమె మాట అక్షరాలా నిజమని తర్వాత తెలిసింది. కొలతలు సరిగ్గానే ఉన్నాయి. అవి మా నీళ్లకు సరిపడే కొలతలు కావు, అంతే. అందుకే ఇక్కడ ముందు నీళ్ల సంగతి, తర్వాతే సబ్బు సంగతి చెబుతున్నాను.

మొదట ఒక మాట. దుకాణంలో కొనే పొడి మానేసి ఇంట్లో చేసుకోవాలనుకునే వారిలో చాలామంది "రసాయనాలు లేనిది" కావాలంటారు. కుంకుడుకాయలోని నురుగు పదార్థమూ రసాయనమే, సోడా కూడా రసాయనమే. మనం నిజంగా వదిలించుకోగలిగేవి ఘాటైన సువాసనలు, కృత్రిమ రంగులు, బట్టను శుభ్రం చేయకుండానే తెల్లగా కనిపింపజేసే మెరుపు పదార్థాలు. ఈ మెరుపు పదార్థాలు ఎండలోని కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను పీల్చుకొని నీలి కాంతిగా విడుదల చేస్తాయి కాబట్టి బట్ట తెల్లబడినట్టు అనిపిస్తుంది. ఇవేవీ లేని ఇంటి సబ్బుతో ఉతికిన బట్ట కొన్న పొడితో ఉతికినంత తళతళలాడదు. ఆ తేడాను మురికిగా లెక్కపెట్టకూడదు.

ముందు మీ నీళ్లు చూసుకోండి

ఒకే కొలతగల మూడు గాజు సీసాలు తీసుకొని, ఒకదాంట్లో బోరు నీళ్లు, ఒకదాంట్లో నల్లా నీళ్లు, వీలైతే మూడోదాంట్లో పట్టి ఉంచిన వాన నీళ్లు మూడో వంతు వరకు పోయండి. ప్రతి సీసాలోనూ చిటికెడు సబ్బు తురుము వేసి, మూత బిగించి, ఇరవై సార్లు గట్టిగా ఊపి, ఐదు నిమిషాలు కదపకుండా పెట్టండి. మెత్తటి నీళ్లలో నురుగు పైన నిలబడుతుంది, కింద నీరు దాదాపు తేటగా ఉంటుంది. కఠినమైన నీళ్లలో నురుగు నిలవదు, నీరంతా పాలు విరిగినట్టుగా తెల్లటి తునకలతో నిండిపోతుంది. ఆ తునకలే అత్తమ్మ చెప్పిన మడ్డి. బండరాళ్ల పొరల మధ్య నుంచి వచ్చే బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. సబ్బు వాటితో కలిసి కరగని పదార్థంగా మారుతుంది. మురికిని పట్టాల్సిన సబ్బు ఈ లవణాలను పట్టడానికే ఖర్చయిపోతుంది, మిగిలిన మడ్డి నూలు పోగుల మధ్య ఇరుక్కుంటుంది.

ఈ పరీక్షకు డిటర్జెంట్ బార్ పనికిరాదు. డిటర్జెంటుకు కఠిన జలంతో ఇంతటి తగాదా లేదు, అసలు దాన్ని కనిపెట్టడానికి ఉన్న కారణాల్లో అదొకటి. సబ్బు కవరు మీద టీఎఫ్ఎం అనే అంకె ఉంటే అందులో కొవ్వు పదార్థంతో చేసిన అసలు సబ్బు ఎంత శాతం ఉందో అది చెబుతుంది.

నీటిని ప్రయోగశాలలో చూపించిన వారి చేతికి వచ్చే కాగితంలో "మొత్తం కాఠిన్యం" అనే వరుస ఉంటుంది. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 లీటరుకు 200 మిల్లీగ్రాములను ఆమోదయోగ్యమైన పరిమితిగా పెట్టింది, వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు ఒప్పుకుంటుంది. కాగితం లేకపోయినా బకెట్ అంచున తెల్లటి చార, గీజరు లోపల సున్నపు పెచ్చు, కుళాయి మూతి దగ్గర గట్టిపడిన తెలుపు, ఇవన్నీ ఒకే సాక్ష్యం చెబుతాయి. మీ సీసాలో నీరు విరిగిందంటే రోజువారీ బట్టలకు కుంకుడు ద్రావణమే మేలు. విరగలేదంటే మీకు సబ్బు తురుము హాయిగా సరిపోతుంది.

కుంకుడు ద్రావణం

మన వైపు కుంకుళ్లు కొత్త వస్తువు కావు. ములుగు, ఏటూరునాగారం వైపు నుంచి సంతలకు వస్తాయి, కిరాణా దుకాణాల్లో ఏడాది పొడవునా దొరుకుతాయి. చిన్నప్పుడు ఆదివారం తలస్నానంలో రసం కళ్లలో పడి ఏడవని వారు మన తరంలో అరుదు. ఆ మంటకూ, ఆ నురుగుకూ కారణం ఒక్కటే, కాయ పైతొక్కలో ఉండే సాపోనిన్లు. ఈ సాపోనిన్ అణువుకు ఒక కొస నీటితో కలుస్తుంది, ఇంకో కొస జిడ్డుతో కలుస్తుంది. బట్టకు పట్టిన జిడ్డును ఆ కొస పట్టుకుంటే, ఈ కొస దాన్ని నీళ్లలోకి లాగుతుంది. బోరు నీళ్లలో సబ్బు విరిగినట్టుగా ఇది విరిగి మడ్డి కట్టదు. మనకు కావలసింది ఈ గుణమే.

కొనేటప్పుడు తొక్క ముడతలు పడి, బంగారు గోధుమ రంగులో, వేళ్లకు కొంచెం జిగురుగా అంటుకునే కాయలు చూసుకోండి. నల్లబడి బూజు వాసన వచ్చేవి వద్దు. తెచ్చిన కాయలను ఒక పూట ఎండలో ఉంచితే తొక్క పెళుసెక్కుతుంది, రోకటి బండతో ఒక్క దెబ్బ వేస్తే గింజ విడిపోతుంది. నల్లటి గింజ వల్ల ఉపయోగం లేదు, దాన్ని తీసేయాలి. కాయ బరువులో సగానికి దగ్గరగా గింజే ఉంటుంది కాబట్టి, 100 గ్రాముల తొక్క కావాలంటే సుమారు 180 గ్రాముల కాయలు కొట్టుకోవాలి. పొడి తొక్కను మిక్సీలో వేసి మెత్తగా పట్టాలని చాలామందికి తోస్తుంది. వద్దని నా సలహా. ఆ దుమ్ము ముక్కులోకి వెళితే తుమ్ములు ఆగవు, కళ్లు మండుతాయి. ఇంట్లో ఆయాసం ఉన్నవారుంటే అసలే కూడదు.

100 గ్రాముల తొక్కను లీటరుంబావు నల్లా నీళ్లలో రాత్రి నానబెట్టండి. ఉదయానికి నీరు తేనె రంగుకు వస్తుంది, తొక్కలు ఉబ్బి మెత్తబడతాయి. అదే నీళ్లతో సహా ఒక స్టీలు గంజులో పొయ్యి మీద పెట్టండి. గంజు కనీసం మూడింట రెండు వంతులు ఖాళీగా ఉండాలి, ఎందుకంటే ఇది పాల కన్నా వేగంగా పొంగుతుంది. మొదటి పొంగు వచ్చే సమయానికి పొయ్యి దగ్గరే నిలబడి ఉండాలి. నురుగు అంచు దాకా లేచిందంటే మంట సన్నం చేసి, గరిటెతో అంచు వెంట తిప్పితే దిగుతుంది. ఆ తర్వాత సన్నని మంట మీద 25 నిమిషాలు ఉడకనిచ్చి దించి, చెయ్యి పెట్టగలిగేంత చల్లారనివ్వండి.

ఇప్పుడు చేతితో పిసకాలి. ద్రావణం బలం సగం ఇక్కడే తేలుతుంది కాబట్టి తొందరపడకండి. తొక్కలను గుప్పిట్లోకి తీసుకొని, నానిన చింతపండును పిసికినట్టు పిసుకుతూ పోతే లోపలి గుజ్జు జారి తొక్క పలచటి కాగితంలా మిగులుతుంది. వేళ్ల సందుల నుంచి చిక్కటి నురుగు వస్తున్నంత సేపు ఇంకా సారం ఉన్నట్టే. పిసికాక తెల్లటి నూలు గుడ్డలో వడకట్టి పిండండి. మిగిలిన పిప్పిలో అర లీటరు నీళ్లు పోసి ఇంకో పది నిమిషాలు ఉడికించి, ఆ రసాన్ని కూడా మొదటిదానిలో కలపండి. అంతా కలిసి లీటరుకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. ఆఖరున మిగిలిన పిప్పితో ఇత్తడి బిందె తోమితే అద్దంలా వస్తుంది, పారేయకండి.

నిల్వ విషయంలో నాకు ఒక బుద్ధి వచ్చింది. ఒక వేసవిలో ఉత్సాహం కొద్దీ మూడు లీటర్లు చేసి, ప్లాస్టిక్ సీసాల్లో నింపి, మూతలు గట్టిగా బిగించి, వంటింటి గూట్లో పెట్టాను. కాయలో చక్కెర ఉంటుందని, అది పులుస్తుందని ఆలోచించలేదు. మూడో రోజు సీసా ఉబ్బి గుండ్రంగా తయారైంది. మూత తిప్పిన వెంటనే నురుగు పంకా దాకా ఎగజిమ్మింది. వరంగల్ ఎండల్లో ఈ ద్రావణం బయట పెడితే రెండో రోజుకే పులిసిన వాసన వస్తుంది. చలికాలంలో మూడు నాలుగు రోజులు ఆగుతుంది. ఫ్రిజ్‌లో పెడితే వారం దాకా ఉంటుంది. అన్నిటికన్నా తేలికైన పద్ధతి ఐసు గడ్డల ట్రేలలో పోసి గడ్డ కట్టించడం. మా ట్రేలో ఒక్కో గడ్డకు సుమారు 25 మిల్లీలీటర్లు పడుతుంది కాబట్టి కొలత కూడా సులువు. పిల్లలు తినేవి అనుకోకుండా ఆ ట్రే మీద చీటీ అతికించాలి.

వాడే పద్ధతికి వస్తే, 15 లీటర్ల బకెట్ నీళ్లలో 100 మిల్లీలీటర్లు, అంటే నాలుగు గడ్డలు వేసి, ఎనిమిది పది రోజువారీ బట్టలు అరగంట నానబెట్టండి. గోరువెచ్చటి నీళ్లయితే మరీ మంచిది. మా వైపు మే నెల మధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నీళ్లకు వేరే పొయ్యి అక్కర్లేదు. కాలరు, చేతుల అంచులు, పంచె కింది అంచు వంటి చోట్ల పలచబరచని ద్రావణాన్ని కాస్త రాసి చేత్తో రుద్దాలి. పై నుంచి మూత తెరిచే బట్టలుతికే యంత్రానికి 200 మిల్లీలీటర్లు నేరుగా తొట్టిలో పోయవచ్చు, ముందు తలుపు యంత్రానికి 100 చాలు. నురుగు తక్కువగా వస్తుంది. నురుగు ఎంత వస్తే అంత శుభ్రమని మనకు అలవాటైపోయింది కానీ, మురికి పోవడానికీ నురుగు ఎత్తుకూ నేరుగా లంకె లేదు.

ఉడికించే ఓపిక లేని రోజు ఆరు ఎనిమిది తొక్కలను చిన్న నూలు సంచిలో కట్టి, గ్లాసెడు వేడి నీళ్లలో పది నిమిషాలు ఉంచి, సంచినీ ఆ నీళ్లనూ కలిపి యంత్రంలో వేయవచ్చు. చన్నీళ్లలో సారం సరిగా దిగదు కాబట్టి ఆ వేడి నీళ్ల మెట్టు దాటవేయకూడదు. తొక్క పలచబడి, నలిపినా నురుగు రాని స్థితికి చేరే దాకా అదే సంచి మూడు నాలుగు సార్లు పనిచేస్తుంది.

దీనికి రెండు లోపాలున్నాయి. ద్రావణం గోధుమ రంగులో ఉంటుంది కాబట్టి తెల్లని బట్టలు పదే పదే దీంతో ఉతికితే కొంచెం పసుపు చాయ పడుతుంది. రెండోది, యంత్రాల నూనె, భూపాలపల్లి గనుల నుంచి వచ్చిన వారి బొగ్గు మసి, ఎనుమాముల మార్కెట్లో రోజంతా మిర్చి బస్తాలు మోసిన చొక్కా, ఇలాంటి వాటి ముందు ఇది నిలవదు. వాటికి సోడా కావాలి.

సోడాకు ఒక డబ్బా, సబ్బుకు ఒక డబ్బా

కిరాణా దుకాణంలో బట్టల సోడా అని అడగాలి. రసాయన నామం సోడియం కార్బనేట్. వంట సోడా వేరు, అది సోడియం బైకార్బనేట్, ఉతకడానికి చాలా బలహీనం. కాస్టిక్ సోడా మరీ వేరు, అది చర్మాన్ని కాల్చేస్తుంది, ఈ పనికి పొరపాటున కూడా తీసుకోకూడదు. బట్టల సోడా రెండు రూపాల్లో ఉంటుంది. తెల్లటి పొడి ఒకటి, పటికలా మెరిసే స్ఫటికాలు ఇంకొకటి. స్ఫటికాల బరువులో సుమారు 63 శాతం నీరే ఉంటుంది కాబట్టి, పొడి ఒక చెంచా వేసే చోట స్ఫటికాలు రెండున్నర చెంచాలు దాటి వేయాలి. బట్టల సోడా దొరకని చోట వంట సోడాను ఓవెన్‌లో పళ్లెంలో పలచగా పరచి 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంట సేపు వేడి చేస్తే, నీరు, బొగ్గుపులుసు వాయువు బయటికి పోయి అదే సోడియం కార్బనేటుగా మారుతుంది. 100 గ్రాములు పెడితే 63 గ్రాములు మిగులుతుంది. తూకం వేసుకుంటే మార్పు పూర్తయిందో లేదో అదే చెబుతుంది. అల్యూమినియం పాత్రను సోడా తినేస్తుంది, స్టీలు వాడాలి. చేతులకు తొడుగులు వేసుకోవాలి.

చాలామంది చేసినట్టు, నేనూ మొదట చేసినట్టు, సోడానూ సబ్బునూ ముందే కలిపి ఒక డబ్బాలో పెట్టుకోవద్దంటాను. కారణం ఇది. సోడా నీళ్లలోని కాల్షియాన్ని పట్టుకొని సున్నపు పొడిలాగా అడుగుకు దింపుతుంది, ఆ తర్వాత వేసిన సబ్బుకు అడ్డు ఉండదు. రెండూ ఒకేసారి పడితే సోడా తన పని పూర్తి చేసేలోపే సబ్బు సగం విరిగిపోతుంది. లెక్క చూడండి. కాఠిన్యం లీటరుకు 400 మిల్లీగ్రాములున్న 15 లీటర్ల బకెట్‌లో 6 గ్రాముల సున్నపు లవణం ఉన్నట్టు. దాన్ని దింపడానికి 6.4 గ్రాముల పొడి సోడా కావాలి, అంటే గోపురంగా ఒక టీ చెంచా. మెగ్నీషియం అంత తేలిగ్గా దిగదు కాబట్టి ఇంకో అర చెంచా చేర్చండి.

కాబట్టి వరుస ఇలా ఉండాలి. బకెట్ నీళ్లలో ముందు సోడా వేసి కలిపి పది నిమిషాలు వదిలేయండి, నీళ్లు వెచ్చగా ఉంటే త్వరగా పనిచేస్తుంది. ఈలోపు ఒక టేబుల్ స్పూన్ సబ్బు తురుమును గ్లాసెడు వేడి నీళ్లలో కరిగించండి. పది నిమిషాలయ్యాక దాన్ని బకెట్‌లో పోసి, బట్టలు వేసి, ముప్పావు గంట నానబెట్టి, బండ మీద రుద్ది, మూడు నీళ్లు మార్చి జాడించండి. తురుముకు కొబ్బరి నూనెతో చేసిన, సువాసన తక్కువగా ఉన్న సబ్బు బాగుంటుంది. సన్నటి తురుముపీట మీద తురిమి ఒక రోజు నీడలో ఆరనిస్తే ఉండ కట్టదు. సబ్బు తురుమును యంత్రంలో వాడటం నాకు ఇష్టం లేదు. అది గొట్టాల్లో పేరుకుంటుంది, బాగు చేయించే ఖర్చు మనం ఆదా చేసిన దానికన్నా ఎక్కువవుతుంది.

బట్టలో సోడా మిగిలిపోతే చర్మం దురద పెడుతుంది, ముఖ్యంగా పసిపిల్లల బట్టల్లో. అది పోయిందా లేదా తెలుసుకోవడానికి వంటింట్లోనే పరికరం ఉంది. చిటికెడు పసుపును రెండు చుక్కల నీళ్లతో తెల్ల కాగితం మీద రాసి ఆరనివ్వండి. ఆఖరి జాడింపు నీళ్లను ఒక చుక్క ఆ పసుపు మీద వేయండి. ఎర్రబడితే సోడా ఇంకా ఉన్నట్టు, ఇంకోసారి జాడించాలి. పసుపుగానే ఉంటే చాలు. పక్కనే వట్టి బోరు నీళ్ల చుక్క కూడా వేసి పోల్చుకుంటే అనుమానం ఉండదు.

తెల్లని పంచెలు, దుప్పట్లకు నెలకొకసారి సోడియం పర్‌కార్బనేట్ అనే తెల్లబరిచే పొడి వాడుతున్నాను. నీళ్లలో పడగానే సోడాగానూ హైడ్రోజన్ పెరాక్సైడ్‌గానూ విడిపోతుంది, ఆ పెరాక్సైడ్ చివరికి నీరు, ప్రాణవాయువుగా మారిపోతుంది. 40 డిగ్రీలకు పైబడిన నీళ్లలోనే బాగా పనిచేస్తుంది. బకెట్‌కు ఒక టేబుల్ స్పూన్ వేసి రెండు గంటలు నానబెట్టాలి. పట్టుకూ ఉన్నికీ వాడకూడదు. మామయ్య పంచెలు మళ్లీ తెల్లబడింది దీంతోనే, రెండు నెలలు పట్టింది.

మరకలు, పట్టు, దుర్రీలు

బతుకమ్మ నాళ్లలో గౌరమ్మను చేసేటప్పుడు చీర కుచ్చిళ్లకు పసుపు అంటని ఇల్లుండదు. దాని మీద సబ్బు రుద్దగానే మరక రక్తంలా ఎర్రబడుతుంది, చీర పాడైపోయిందని గుండె ఝల్లుమంటుంది. కంగారు పడక్కర్లేదు. పైన కాగితం మీద చూసిన మార్పే ఇది. నీళ్లతో జాడిస్తే మళ్లీ పసుపుకు వస్తుంది. పసుపు రంగు ఎండకు ఆగదు కాబట్టి, తడి మీదే దండెం మీద ఎండవేసి రెండు మూడు రోజులు అలాగే చేస్తే మరక వెలిసిపోతుంది. కుంకుడు ద్రావణం స్వతహాగా కొంచెం పులుపు గుణం కలది, దాంతో పసుపు ఎర్రబడదు.

ఎర్రమన్ను మరకను తడి మీద రుద్దితే లోపలికి దిగుతుంది. పూర్తిగా ఎండనిచ్చి, దులిపి, ఆ తర్వాతే నానబెట్టాలి. రక్తపు మరకకు చన్నీళ్లే, వేడి నీళ్లు తగిలితే అది పోగుకు అతుక్కుపోతుంది. ఆవకాయ నూనెకు పలచబరచని కుంకుడు ద్రావణం రాసి పావుగంట ఉంచాలి.

పట్టు, ఉన్ని జంతువుల నుంచి వచ్చిన పోగులు, మన వెంట్రుక వంటివే. సోడా వాటిని తినేస్తుంది. పోచంపల్లి పట్టు చీరకు కుంకుడు ద్రావణం ఒక్కటే దారి. బకెట్ చన్నీళ్లలో 50 మిల్లీలీటర్లు వేసి, ఐదు నిమిషాలకు మించి నాననివ్వకుండా, మెలి తిప్పి పిండకుండా, నీడలో ఆరేయాలి. ముందుగా కొంగు లోపలి మూలను తడిపి తెల్లగుడ్డతో అద్ది రంగు దిగుతుందేమో చూసుకోవాలి, జరీ ఎక్కువగా ఉన్న చీరను మాత్రం ఇంట్లో ముట్టుకోకపోవడమే మంచిది. వరంగల్ కొత్తవాడలో నేసే నూలు దుర్రీలను, అంటే జంపఖానాలను, ముందు గోడకు కొట్టి దుమ్ము రాల్చి, డాబా మీద పరచి, కుంకుడు నీళ్లు చల్లి కొబ్బరి పీచు బ్రష్షుతో నేత వెంట రుద్ది, చెంబులతో కడిగేసి, నీళ్లు కారిపోయేలా వాల్చి నీడలో ఆరబెట్టాలి. తడి దుర్రీని ఒకరు ఎత్తలేరు, ఇంట్లో ఇద్దరు ఉన్న రోజు చూసుకోండి.

కలపకూడనివి

సోడాలో వెనిగర్ గానీ నిమ్మరసం గానీ కలిపితే బుసబుసా పొంగుతుంది, ఏదో గొప్పగా శుభ్రం చేస్తున్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం, రెండూ ఒకదాన్నొకటి చంపుకొని ఉప్పు నీళ్ల వంటిది మిగులుతుంది. తువ్వాళ్ల బిరుసు తగ్గడానికి వెనిగర్ కావాలంటే సోడా పూర్తిగా పోయాక ఆఖరి జాడింపులో రెండు చెంచాలు వేయవచ్చు. బ్లీచింగ్ ద్రవం వాడే ఇళ్లలో వెనిగర్‌నూ నిమ్మ ఉప్పునూ దాని దరిదాపుల్లో ఉంచకండి, రెండూ కలిస్తే వెలువడే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులకు ప్రమాదం. ఇంటి సబ్బు పొడుల కొలతల్లో తరచుగా కనిపించే వెలిగారం, అంటే బోరాక్స్, నేను వాడను. పునరుత్పత్తి శక్తికి హాని చేసే పదార్థాల వర్గంలో దాన్ని ఐరోపా సమాఖ్య చేర్చింది, అది లేకపోయినా పని జరుగుతుంది. పండ్ల తొక్కలు, బెల్లం, నీళ్లు కలిపి మూడు నెలలు పులియబెట్టే ద్రవం నేల తుడవడానికి బాగుంటుంది, బట్టలకు దాని వల్ల పెద్ద లాభం నాకు కనిపించలేదు.

ఉతికిన నీళ్లు ఎక్కడికి పోవాలి

కుంకుడు సహజమైనది కాబట్టి ఎక్కడైనా పారబోయవచ్చనుకోవడం పొరపాటు. సాపోనిన్లు చేపల మొప్పలను దెబ్బతీస్తాయి. వాగుల్లో చేపలను మత్తెక్కించి పట్టడానికి సాపోనిన్లున్న మొక్కలను వాడే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. చెరువు కట్ట మీద కూర్చొని కుంకుడు నీళ్లతో బట్టలు ఉతికి అక్కడే వదలకూడదు. నేలలో అవి క్రమంగా విరిగిపోతాయి కాబట్టి మేము రెండో జాడింపు నీళ్లను అరటి, మందార మొదళ్లకు పోస్తాం, ఆకుకూరల మడికి పోయం.

సోడా నీళ్లు మాత్రం చెట్లకు వద్దు. అందులోని సోడియం నేలలో పేరుకుంటే మట్టి గట్టిపడి, నీరు ఇంకక, పైన తెల్లటి పూత తేలి చౌడు నేల అవుతుంది. ఒకప్పుడు చాకిరేవుల దగ్గర రజకులు బట్టలకు పట్టించి ఉబ్బ వేసింది, అంటే ఆవిరి మీద ఉడికించింది, ఈ చౌడు మన్నుతోనే. అందులో పనిచేసింది కూడా మన డబ్బాలోని సోడానే. మా పెరట్లో తెలియక రెండేళ్లు సోడా నీళ్లు పోసిన కరివేపాకు మొదట్లో ఇప్పటికీ గడ్డి మొలవదు. ఆ నీళ్లు ఇప్పుడు మోరీలోకే పంపుతున్నాం.